పట్టా అడిగిన జీపు

జ్ఞానముత్తు మేస్త్రి పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆకుకూరల ముత్తమ్మ. కోవిల్‌పట్టిలో ఇప్పుడు మేముండే వీధికి రోజూ పొద్దున్నే వచ్చి గంప దించే మనిషి, ఆరోజు గంప నెత్తిన పెట్టుకునే వాకిట్లో నిలబడింది. "అమ్మా, రైలుగేటు దెగ్గిర వెల్డింగు తాత నిన్న పొయినాడమ్మా. మీ ఊరి జీపు చేసినాయన. మీకు చెప్పకుండా పోతే బాగుండదని దా ఇట్లా వచ్చినా" అంది; మా వైపు దా అంటే అందుకే, అదే అని ఒత్తి చెప్పడం. నేను అవునా అన్నాను. లోపలికి వచ్చి పొయ్యి ఆర్పి, పెరుమాళ్ళ పటం ముందు కాసేపు కూర్చున్నాను. ఆయన కొలిచిన దేవుడు వేరు, నేను కొలిచే దేవుడు వేరు. అయినా ఆయన కోసం నాకు తెలిసిన చోటే కదా నేను చేతులు జోడించగలను.

ఆ జీపు సంగతి చెప్పాలంటే ముందు మా ఊరి నేల సంగతి చెప్పాలి. ఎట్టయాపురం నుంచి పుదూరు వైపు పోయే తారురోడ్డు మీద బస్సు దిగి, రెండు మైళ్ళు నల్లరేగడిలో నడిస్తే మేము కాపురమున్న ఊరు. ఎండాకాలంలో ఆ నేల నోళ్ళు తెరుచుకుని పడుకుంటుంది, పసిపిల్లల కాలు పట్టేంత బీటలు. ఐప్పసి నెలలో, దీపావళి అటూఇటూగా వాన పట్టుకుందంటే మాత్రం అదే నేల మనిషిని కదలనివ్వదు. అడుగు వేసినకొద్దీ అరికాలి కింద మన్ను పేరుకుని మనిషి జానెడు పొడుగవుతాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని నడవాలి. ఆ నెలన్నర రోజులు బయటి ఊళ్ళతో మాకు సంబంధం ఉండేది కాదు. పత్తికంప పొయ్యిలో పెట్టి సజ్జ సంకటి కెలుకుతుంటే తడి కంప పొగ, తడి మన్ను వాసన, చూరు కింద కట్టిన ఎద్దుల వాసన అన్నీ కలిసి ఇల్లంతా ఒకే వాసన అయ్యేది. ఇప్పటికీ ఎక్కడైనా తడిసిన నల్లమన్ను వాసన తగిలితే నాకు ఆకలేస్తుంది. వెంటనే భయమూ వేస్తుంది. ఆ రెండూ ఎందుకు కలిసే వస్తాయో చెబుతాను.

నా మరిది శ్రీరాములుకు విరుదునగర్ పిల్ల వసంతను చేశారు. వాళ్ళ నాన్న పప్పుమిల్లులో తూకం వేసే మనిషి. పట్నంలో పెరిగిన పిల్ల, అయినా వచ్చిన నెలకే కలుపు తీయడం నేర్చుకుంది, నన్ను అక్కా అని నా వెనకే తిరిగేది. మొదటి కాన్పుకు పుట్టింటికి పంపాలని మంచిరోజు చూసుకుంటూ ఉండగానే వాన పట్టుకుంది, నెల నిండకుండానే నొప్పులు వచ్చాయి. పొద్దున్నే బండి కట్టించి, గడ్డి పరిచి, వసంతను పడుకోబెట్టి, తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. సగం దారిలో వాగు దగ్గర చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఎద్దులు మోకాళ్ళ మీద పడ్డాయి. రెండో జత ఎద్దుల్ని తెచ్చే వేళకు మధ్యాహ్నం దాటింది. ఆడబిడ్డ ఆ బండిలోనే పుట్టింది. ఏడవలేదు. నా చేతుల్లోనే ఉంది. ఇంతకంటే రాయను.

వసంత పుట్టింటికి పోయింది. మూడు నెలలకు తీసుకురావడానికి నేనూ శ్రీరాములూ పోయాము. ఆమె కోపంగా మాట్లాడలేదు, ఏడవనూ లేదు. మిల్లు నుంచి తెచ్చిన కందిపప్పు చేటలో ఏరుతూ, తల ఎత్తకుండా నాతో అంది. "అక్కా, వాన పడేటప్పుడు మీ వాకిట్లోకి ఒక వండి వచ్చి నిలబడనీ. ఆ దినం నేనే ఎక్కి వస్తాను. అంతదాకా నన్ను పిలవొద్దని చెప్పు." వండి అంటే మోటారు బండి. మొగుడు రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నా, నన్నే చెప్పమంది. శ్రీరాములు సరే అన్నాడు. ఆ సరే అనడంలో బాధ లేదు, పంతం లేదు, ఫలానా సరుకు తెమ్మంటే సరే అన్నట్టు అన్నాడు. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం సాత్తూరు దాకా కిటికీలోంచే చూస్తూ కూర్చుని, ఉన్నట్టుండి, "వదినె, మన దారిలో వానలో పొయ్యే వండి లోకంలో ఉండాదా?" అని అడిగాడు. నాకేం తెలుసు? దేవుడు తలిస్తే ఉంటుంది అన్నాను.

ఆ ఎండాకాలంలోనే విరుదునగర్ పాత ఇనుము కొట్టులో వాడికి జీపు కనిపించింది. ఎప్పుడో మిలిటరీ వేలంలో అమ్మేసినది, నాలుగు చేతులు మారి అక్కడికి వచ్చి పడింది. పైకప్పు లేదు, సీట్లు లేవు, ఇంజిను మూత తీస్తే లోపల తేనెపట్టు ఉందట. దాన్ని లారీ వెనక కట్టి కోవిల్‌పట్టి దాకా లాక్కొచ్చాడు. రైలుగేటు దగ్గర రేకుల కొట్టంలో వెల్డింగు చేసే జ్ఞానముత్తు ముందు నిలబెట్టాడు. అక్కడికే ఎందుకంటే, మిగతా మెకానిక్కులందరూ చూసి నవ్వారు, ఈయన ఒక్కడే నవ్వలేదు.

అప్పటికి ఆయనకు నలభై దాటి ఉంటాయి. నల్లగా, సన్నగా, కనుబొమ్మలు నిప్పురవ్వలకు కాలిపోయి సగమే మిగిలిన మనిషి. మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు, తరాల కిందట కూలికి వచ్చి తరవాత వేదంలో, అంటే కిరస్తానంలో, కలిసిన కుటుంబం. వాళ్ళ నాయిన బండిచక్రాలకు ఇనుము చుట్టేవాడట. ఆదివారం గుడికి పోయివచ్చాక కొట్టం తెరిచేవాడే కాదు, ఎంత పెద్ద లారీవాడు వచ్చి బతిమాలినా. ఆ ఒక్క పట్టుదల చూసే నాకు ఆయన మీద గౌరవం కలిగింది. శనివారం ఉపవాసం తప్పని నాకు ఆ సంగతి బాగా అర్థమైంది. శ్రీరాములు తన గోడంతా చెప్పుకున్నాక ఆయన అడిగింది ఒకే మాటట: "మీ ఊరు దారి మన్ను ఒక గోతాము తెచ్చి చూపించు తమ్ముడూ." మరుసటి బస్సులో వీడు గోనెసంచిలో నల్లమన్ను మోసుకుపోయాడు. కండక్టరు టిక్కెట్టు అడగకుండా వదిలాడట, పిచ్చివాడనుకుని. మేస్త్రి ఆ మన్నులో నీళ్ళు పోసి, పిసికి, ఒక పాత టైరు మీద మెత్తి, ఎండబెట్టి, మళ్ళీ తడిపి రెండు రోజులు దానితోనే ఉన్నాడు.

మా దగ్గర ఉన్నదెంత? వాన పడితే పంట, లేకపోతే లేదు. అందుకే ఆ జీపు ఒక్కసారిగా తయారు కాలేదు, నాలుగేళ్ళు పట్టింది. మినుములు అమ్మిన నెలలో ఒక పని, మేకపోతు అమ్మిన నెలలో ఒక పని. మేస్త్రి కూలి చాలాసార్లు కొర్రలుగా, నువ్వులుగా పోయేది. ఆయన భార్య మాకు తిరుగు సంచిలో మురుకులు వేసి పంపేది. మొదటి ఏడు పెట్రోలు తాగే ఆ ఇంజిను తీసేసి, పాడైపోయిన వ్యాను నుంచి ఊడదీసిన డీజిలు ఇంజిను పెట్టారు. మొదటి వాన పడగానే శ్రీరాములు తారురోడ్డు దిగి మా దారిలోకి తిప్పాడు. కూతవేటు దూరం పోకముందే వెనక చక్రాలు అక్కడే గిరగిరా తిరిగి జీపు కడుపుదాకా కూరుకుపోయింది. రెండు జతల ఎద్దులు కట్టి లాగారు. ఊళ్ళోవాళ్ళకు అది పండగైంది. "శ్రీరాములు ఎద్దులకి కొత్త బండి తెచ్చినాడు, ఇంజిను ఎందుకంటే బరువుకు దా" అని పిల్లలు కూడా నేర్చుకున్నారు. శ్రీరాములు జీపు కూరుకుపోయిన చోట ఒక తుమ్మకొయ్య చెక్కి పాతాడు. వచ్చే ఏడు ఈ కొయ్య దాటితే చాలు అన్నాడు.

రెండో ఏడు మేస్త్రి బండి కింద పడుకుని కనిపెట్టాడు, ముందు చక్రాలకు బలం పంపే ఇనుపకడ్డీని ఎవరో ఎప్పుడో ఊడదీసి అమ్ముకున్నారని. అలాంటిది దొరకడానికి శ్రీరాములు విరుదునగర్ పాత ఇనుము కొట్లన్నీ నాలుగు నెలలు తిరిగాడు. అది బిగించాక ఆ వానకు జీపు వాగు ముందు దాకా వచ్చింది, అక్కడ రెండో కొయ్య పాతాడు. అప్పుడూ ఆ తరవాతా విరుదునగర్ పోయిన ప్రతిసారీ వసంత వాళ్ళ వీధికి పోయేవాడు. లోపలికి పోడు. అరుగు మీద కూర్చునేవాడు. ఆమె చెంబుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టి, తలుపు చెక్కకు ఆనుకుని నిలబడి ఒకటే అడిగేది: "ఎంత దూరం వచ్చింది?" ఎలా ఉన్నారు, ఏం తింటున్నారు, ఏమీ లేదు. ఎంత దూరం వచ్చింది. వీడు ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు, కొయ్య దాటింది, చింతచెట్టు దాకా వచ్చింది, వాగు ముందు ఆగిపోయింది అని. ఆమె తల ఊపేది. ఒకసారి నేను కూడా ఉన్నాను. వీడు లేచి పోబోతుంటే, "వాగులో నీళ్ళు పొగగొట్టంలోకి పోవా?" అని అడిగింది. అది విని మేస్త్రి కొట్టంలో నవ్వాడు, ఆ యమ్మకు బుర్ర ఉండాది అని. ఆ ఏడే పొగగొట్టాన్ని పైకి తిప్పి ముందు అద్దం పక్కన నిలబెట్టాడు. ఎక్కడో దూరాన ఉండి ఆ పిల్ల కూడా ఆ జీపులో ఒక చెయ్యి వేసిందన్నమాట.

మూడో ఏడు శ్రీరాములు మేస్త్రి మాట వినలేదు. వెడల్పు టైర్లయితే మన్ను మీద తేలుతాయని ఎవరో చెబితే, ఉన్న దూడను అమ్మి తెచ్చాడు. మేస్త్రి వద్దన్నాడు. "బండిచక్రం సన్నంగా ఎందుకుండాది తమ్ముడూ? మా నాయినకు ఇనుము తక్కువై కాదు. పైమన్ను కోసుకుని కింద గట్టినేల పట్టుకునేదానికి దా" అన్నాడు. వీడు వినలేదు, ఆయన బిగించాడు. ఆ ఐప్పసిలో వెడల్పు టైర్లకు మన్ను దిబ్బలు దిబ్బలుగా అంటుకుని, పైరేకుకూ చక్రానికీ మధ్య ఇరుక్కుని, ఇంజిను గింజుకుంటున్నా చక్రం తిరగకుండా బిగుసుకుపోయింది. పోయిన ఏడు పాతిన కొయ్య కంటే వెనకే ఆగింది. ఆ సాయంత్రం మా మామ వాకిట్లో కాళ్ళు కడుక్కుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, వచ్చే ఏడు వానలు పోయి తై, అదే సంక్రాంతి నెల, వచ్చేలోపల ఇది తేలకపోతే వేరే పిల్లను చూస్తానన్నాడు. మా ఇంటాయన నేల చూశాడు. శ్రీరాములు పశువులకు మేత వేయడానికి పోయాడు. నేను ఆ రాత్రి నుంచి పెరుమాళ్ళను అడిగింది జీపు కాదు, వసంతను.

ఇక్కడే నా వల్ల ఒక పొరపాటు జరిగింది. నేను బడికి పోయినదాన్ని కాను. మా అవ్వ ఇంట్లో దిద్దించిన తెలుగు, నాయిన బస్సు బోర్డులు చూపిస్తూ నేర్పిన అరవం, ఇవే నా చదువు. అయినా ఆ ఇంట్లో కాగితం వస్తే చదివేది నేనే. ఆ మరుసటి ఆడి నెలలో, వానలకు మూడు నెలల ముందు, ఒకరోజు శ్రీరాములు చేనిలో ఉండగా బస్సు కండక్టరు ద్వారా మేస్త్రి రాయించిన చీటీ వచ్చింది. మామ ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని గట్టిగా చదివాను: ఉన్నది చాలదు, ఇంకా రెండు పట్టా తీసుకుని రావాలి.

మా మామ చాలా తక్కువ మాట్లాడే మనిషి. పట్నం పోతే తప్ప చొక్కా వేసుకోడు. మంచం కింద ఒక రేకుపెట్టె, అందులో వేపాకు మధ్య భూముల పట్టాలు. రోజూ పడుకునే ముందు కాలితో ఒకసారి ఆ పెట్టెను తాకి చూసేవాడు. చీటీ విన్నాక ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు. గొడుగు తీసుకున్నాడు. "భూమి కుదువ పెట్టినాడా వాడు?" అని నన్ను అడిగాడు. నాకు తెలియదు మామా అన్నాను, ఆ మాట ఇంకా అగ్గి రాజేసింది. ఆయన ఒక్కణ్ణీ పంపడానికి భయమేసి నేనూ వెంట పోయాను. బస్సులో ఆయన గొడుగు పిడి మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు.

కొట్టం ముందు నిలబడి మామ అడిగాడు. "మా భూమి పట్టా అడిగేదానికి నువ్వెవరయ్యా? మావాడికి ఎంతిచ్చినావు?" జ్ఞానముత్తు చేతిలోని పనిముట్టు కింద పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి, నన్ను చూశాడు, మామను చూశాడు. ఆయనకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక కూడా నవ్వలేదు, అదే ఆయన గొప్పతనం. మామ చెయ్యి మెల్లగా పట్టుకుని జీపు దగ్గరకు తీసుకుపోయి, చక్రం పైన ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనుపబద్దల మీద తట్టి చూపించాడు. "పెద్దాయనా, వండి బరువు మోసే ఈ బద్దను మా పనిలో పట్టా అంటాము. వండి పైకి లేయాలంటే ఇది ఇంకా రెండు కావాల. మీ భూమి పట్టా మడిచి దీనికింద పెట్టినా వండి లేవదు."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. మామ ఆ బద్దలను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తరవాత వంగి, గొడుగు కింద పెట్టి, చక్రం పైరేకు లోపలికి చెయ్యి దూర్చాడు. పోయిన ఐప్పసి మన్ను ఇంకా రాయిలా అక్కడ అంటుకుని ఉంది. ఒక పెళ్ళ విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది మా వాగొడ్డు మన్ను" అన్నాడు. ఇన్నేళ్ళుగా కొడుకు ఏం చేస్తున్నాడో చూడని మనిషి, అప్పుడు మొదటిసారి ఆ జీపు చుట్టూ తిరిగి చూశాడు. మేస్త్రి స్టూలు వేశాడు. మామ కూర్చోలేదు. నిలబడే అన్నాడు: "మేస్త్రీ, మడక దున్నేటప్పుడు సాలు తిరిగిన ప్రతిసారీ మన్ను గీకుతాము. గీకకపోతే ఎద్దు నిలబడిపోతుంది. నీ చక్రానికి గీకేవాడు ఎవడు?"

జ్ఞానముత్తు పైరేకును చూశాడు, చక్రాన్ని చూశాడు. తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "ఇంత దినం నాకు తోచలేదే" అని తనలో తాను అనుకున్నాడు. ఆ ఇద్దరూ పొద్దు వాలేదాకా నేల మీద బొగ్గుతో గీతలు గీస్తూ కూర్చున్నారు, ఒకరిది మన్ను తెలివి, ఒకరిది ఇనుము తెలివి. మధ్యాహ్నం మేస్త్రి భార్య టీ తెచ్చింది. మా మామ ఒక్క క్షణం ఆగి, గ్లాసు అందుకుని తాగాడు. మా కులపు ఇళ్ళల్లో వాళ్ళ వీధుల్లో నీళ్ళు తాగే అలవాటు లేదని రాయడానికి నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ లేదు. పొరపాటుగా అర్థం చేసుకున్న నా చదువుకు ఆరోజు నేను దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. సరిగ్గా అర్థమై ఉంటే శ్రీరాములు రెండు బద్దలు తీసుకుపోయేవాడు, అంతటితో సరిపోయేది.

మరుసటి వారం మామ ఊళ్ళో ఒక పని చేశాడు. వసంతను తీసుకుపోయిన ఆ బండిని కొట్టంలోంచి బయటికి లాగించాడు. ఆనాటి నుంచీ దాన్ని ఎవరూ కట్టలేదు, అమ్మనూ లేదు. చక్రాన్ని పగలగొట్టించి, దానికి చుట్టిన ఇనుము ఊడదీసి భుజాన వేసుకుని బస్సెక్కాడు. బండిచక్రం ఇనుమును మా వైపు పట్టా అనే అంటారు. దాన్ని మేస్త్రి ముందు పడేసి, "నువ్వడిగిన పట్టా ఇదిగో" అన్నాడట. నాకు తెలిసి మా మామ జీవితంలో వేసిన పరిహాసం అదొక్కటే.

ఆ ఇనుముతోనే నాలుగు చక్రాల వెనకా నాలుగు గీకుడు బద్దలు వెల్డింగు చేశాడు జ్ఞానముత్తు, చక్రం తిరుగుతుంటే దానంతట అదే మన్ను రాలిపోయేలా. పైరేకులు చెయ్యెడు మేర కోసేశాడు. శ్రీరాములు వెడల్పు టైర్లు ఇచ్చేసి, విరుదునగర్‌లో పాత సన్న టైర్లకు లోతైన గాట్లు పెట్టించి తెచ్చాడు. బరువు మోసే బద్దలు ఇంకా రెండు కలిపాక జీపు జానెడు లేచింది. చూడ్డానికి అందంగా లేదు. గుంజిళ్ళు తీస్తున్న మనిషిలా ఉండేది.

ఐప్పసిలో వాన మూడు రోజులు వదలకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున శ్రీరాములు ఎవరికీ చెప్పకుండా మొదట ఊరు దాటి తారురోడ్డు ఎక్కి చూసుకుని, తిరిగొచ్చి, "వదినె, నువ్వూ రావాల" అన్నాడు. వసంత ముందే చెప్పిందట, ఆ దినం అక్క కూడా వండిలో ఉండాల అని. విరుదునగర్‌లో ఆమె సంచి సర్దుకునే ఉంది. ఎక్కుతూ, దారిలో నిలిచిపోతే దిగి నడిచి వెనక్కి పోతానని నాతోనే చెప్పింది. కోవిల్‌పట్టి గేటు దగ్గర జ్ఞానముత్తు తడుస్తూ నిలబడి ఉన్నాడు. "ఎడమపక్క ముందు గీకుడు మీద నాకు నమ్మకం చాలలేదు, నేనూ వస్తా" అని వెనక ఎక్కి కూర్చున్నాడు.

తారురోడ్డు దిగాము. వసంత నా చెయ్యి పట్టుకుంది. మొదటి కొయ్య, రెండోది, మూడోది వెనక్కి పోయాయి. చక్రాల వెనక నల్లమన్ను చక్కలు చక్కలుగా రాలుతోంది. వాగులో దిగినప్పుడు నీళ్ళు కాళ్ళ దగ్గరికి వచ్చాయి, పొగగొట్టం తలపైన పొగ వదులుతూనే ఉంది. ఒడ్డెక్కుతుంటే రాయి తగిలి టంగుమంది. మేస్త్రి అనుమానించిన ఎడమ గీకుడే, వంగిపోయింది. చూస్తుండగానే ఆ చక్రం మన్నుతో లావెక్కుతోంది. ఆ వాగొడ్డు ఏ చోటో నాకూ వసంతకూ చెప్పనక్కర్లేదు. ఆమె కళ్ళు మూసుకుంది. శ్రీరాములు కాలు బ్రేకు మీదికి పోతుండగా వెనకనుంచి మేస్త్రి అన్నాడు: "నిలపొద్దు తమ్ముడూ. నిలిపితే ఇక్కడే దా. నువ్వు పోనీ."

అని, మామ మడక గీకుడు కర్ర జీపులో ఉంటే దాన్ని తీసుకుని దూకాడు. జీపు మనిషి నడకతోనే పోతోంది. ఆయన మోకాళ్ళ లోతు మన్నులో దాని పక్కనే నడుస్తూ, తిరిగే చక్రం మీంచి మన్ను గీకుతూనే ఉన్నాడు. కాలు దిగబడితే పెరికేవాడు, మళ్ళీ పరిగెత్తి అందుకునేవాడు. అరమైలు. వసంత కళ్ళు తెరిచి, పక్కకు వంగి, "అన్నా, ఎక్కండి, చాలు" అని రెండుసార్లు అంది. "ఇంకొంచెం దూరం దా తల్లీ" అన్నాడాయన, తల ఎత్తకుండా.

వాకిట్లోకి జీపు వచ్చి నిలిచింది. మామ గొడుగు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. ముందుకొచ్చి ఆ గొడుగు వసంత తలమీద పట్టాడు. ఆమె కిందికి దిగి, నేల చూసి, నాలుగేళ్ళలో మొదటిసారి మొగుడి మొహంలోకి చూసి, "వచ్చింది" అంది. వెంటనే ఇంట్లోకి పోలేదు. నేను పెట్టిన వేణ్ణీళ్ళు తానే తెచ్చి జ్ఞానముత్తు కాళ్ళ దగ్గర పెట్టింది. మామ ఆయనతో, లోపలికి రా అన్నాడు. ఆయన తన కాళ్ళ వైపు చూసుకుని, "ఒళ్ళంతా మన్ను పెద్దాయనా, ఇల్లు పాడవుతుంది" అని అరుగు మీదే కూర్చున్నాడు. నిజంగా మన్ను గురించే అన్నాడో, మమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. మేము రెండోసారి పిలవలేదు. అది మాత్రం తెలుసు.

వసంతకు కొడుకు పుట్టాడు, ఏడాదిన్నర తరవాత, ఎండలు ముదిరే పంగుణి నెలలో, దారి ఎండి పలకలా ఉన్నప్పుడు. ఆ మాట చెప్పి ఇప్పటికీ నవ్వుకుంటాము. కానీ ఆ తరవాత పదేళ్ళు వానాకాలంలో ఆ జీపెక్కి ఆసుపత్రికి పోయి బిడ్డతో తిరిగొచ్చిన తల్లులు మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల కూడా ఉన్నారు. ఇప్పుడు ఊరిదాకా తారు పడింది. ఆదివారాల్లో మధురై నుంచి కుర్రాళ్ళు మెరిసే జీపుల్లో వస్తారు, వెడల్పు టైర్లు, వరసగా దీపాలు, నేను ఊరికి పోయినప్పుడు బురద ఎక్కడుంది ఆంటీ అని అడుగుతారు. మంచి పిల్లలే. మేము ఏ బురదనుంచి బయటపడటానికి నాలుగేళ్ళు కష్టపడ్డామో దాన్ని వెతుక్కుంటూ అంత దూరం వస్తారు. కాలం అంత మంచిదైనందుకు సంతోషమే. కాకపోతే వాళ్ళ జీపులకు కావలసిందంతా పెట్టెల్లో వస్తుంది. మన్ను గోతాము తెమ్మని అడిగేవాడు వాళ్ళకు దొరకడు.

ముత్తమ్మ చెప్పిన మూడో రోజు నేనూ వసంతా ఆయన్ను పూడ్చిన చోటికి పోయి వచ్చాము. మట్టి ఇంకా తడిగానే ఉంది. సిలువ మీద పేరు అరవంలో రాశారు, పిల్లలు చదివింది అదే కదా. ఇల్లాలితో, పిల్లలతో, మా మామతో, ఆ వానలో మాతో ఆయన మాట్లాడిందంతా తెలుగు, ఆ తెలుగులో ఆయన పేరు ఎక్కడా రాసి లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను, చదివినవాళ్ళు ఒక్కసారి పైకి అనండి, గుర్తుంచుకోండి: జ్ఞానముత్తు.